చూపించలేని పాదం

ఆ రోజు మామాను దుబాయ్‌లో డేరా బజారుకు తీసుకువెళ్లి అల్ ఐన్‌కు తిరిగి వస్తున్నాను. మామా అంటే మన మేనమామ కాదు. నేను డ్రైవరుగా పనిచేసిన అరబ్బు ఇంటి పెద్దావిడ. నాకు వీసా ఇచ్చిన యజమానికి, అంటే మా కఫీల్‌కు, తల్లి. అక్కడి ఇళ్లలో పనివాళ్లందరూ పెద్దావిడను అలాగే పిలుస్తారు. వెనక సీట్లో ఆమె, ఆమె కోడలు, మధ్యలో బట్టల మూటలు. దారికి రెండు పక్కలా ఇసుక. బయలుదేరే ముందే మూత్రానికి వెళ్లి వచ్చాను. అయినా సగం దారి రాకముందే మళ్లీ ఒత్తిడి మొదలైంది. కొన్నాళ్లుగా అలాగే ఉంది. ఎండలకు నీళ్లు ఎక్కువ తాగుతున్నాను కాబట్టి అని సరిపెట్టుకునేవాణ్ని.

మగవాళ్లే ఉంటే బండి ఆపి దిగేవాణ్ని. ఆడవాళ్లను కూర్చోబెట్టి, చాటుకు ఒక తుప్ప కూడా లేని చోట ఎలా దిగను? పళ్లు బిగబట్టి నడిపాను. అల్ ఐన్ ఊళ్లోకి వచ్చాక, మొదటి రౌండెబౌట్ దగ్గర ఇక నా వల్ల కాలేదు. సీటు తడిసింది.

ఇంటి ముందు బండి ఆపాక ఎప్పటిలా దిగి తలుపు తీయలేదు. మామా తానే తీసుకుని దిగింది.

"ఏమైంది రామ్?" అంది. నా పేరు గంగారాం. ఆమె నోటికి అందులో సగమే వచ్చేది.

"ఫ్లాస్కు ఒలికింది మామా. సీటు తుడిచి వస్తాను."

ఆమె కాసేపు నన్నే చూసి లోపలికి వెళ్లిపోయింది. గరాజులో తలుపు వేసుకుని సబ్బు నీళ్లతో ఆ సీటును రుద్దుతూ ఏడ్చాను. నాకప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. డెబ్బైల మధ్యలో, అల్ ఐన్‌లో ఎటు చూసినా ఇళ్లు లేస్తున్న రోజుల్లో, సిమెంటు మోయడానికి వెళ్లాను. అప్పుడు నా పొట్ట వీపుకు అంటుకుని ఉండేది. కూలీల క్యాంపులో రొట్టె, పప్పు, ఉల్లిగడ్డ. తర్వాత బండి నేర్చుకుని, లైసెన్సు సంపాదించి ఆ ఇంట్లో చేరాను. నా పని కూర్చోవడం అయింది. బండిలో కూర్చోవాలి, లేకపోతే గేటు పక్కన ఏసీ గదిలో కూర్చోవాలి. వంటింట్లో హైదరాబాదు వాడు అజీజ్‌భాయి ఉండేవాడు. మంచి మనిషి. మధ్యాహ్నం మాంసం, నెయ్యి తేలే అన్నం పళ్లెం నిండా పెట్టి, "ఖావో మియా, గావ్ మే క్యా మిల్తా థా" అనేవాడు, తిను, ఊళ్లో నీకేం దొరికేది అని. సాయంత్రం ఖర్జూరపు పాకంలో ముంచిన పిండి ఉండలు, చక్కెర దండిగా వేసిన టీ. వద్దనడం నాకు తెలియదు. చిన్నప్పుడు తినలేనిదంతా తింటున్నాననుకున్నాను.

మొదటిసారి సెలవుకు ఊరికి వెళ్తే నా పొట్ట చూసి అందరూ మెచ్చుకున్నారు. దుబాయ్ కళ వచ్చిందన్నారు. చొక్కా గుండీల మధ్య పొట్ట కనిపిస్తుంటే నాకూ గర్వంగానే ఉండేది.

సీటు తడిసిన సంగతి జరిగిన కొన్ని వారాలకు మామాను ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఆమెకు అప్పటికే చాలా ఏళ్లుగా డయాబెటిస్. టాబ్లెట్లు మింగేది, తిండి మాత్రం తగ్గించేది కాదు. ఆ ఏడాది ఆసుపత్రి వాళ్లు షుగర్ ఉన్న అరబ్బు ఆడవాళ్లను వరండాలో కూర్చోబెట్టి, ఏం తినాలో, ఎంత నడవాలో చెప్పడం మొదలుపెట్టారు. సూడాన్ డాక్టరు ఒకాయన, మన బాపట్ల వైపు నర్సు సువార్తమ్మ గారు చెప్పేవాళ్లు. సువార్తమ్మ గారి అరబ్బీ తెలుగు యాసలో ఉన్నా ఎక్కడా తడబడేది కాదు. బల్ల మీద ఒక పళ్లెంలో అన్నం కుప్పగా పోసి, పక్కన ఇంకో పళ్లెంలో కొద్దిగా అన్నం, చేప, ఆకుకూర పెట్టి చూపించేవారు. డ్రైవర్లం వరండా మెట్ల మీద కూర్చుని వినేవాళ్లం.

ఒకావిడ లేచి, "ఇంటికొచ్చిన వాళ్లకు ఖర్జూరం బదులు దోసకాయ పెట్టమంటారా?" అంది. అందరూ నవ్వారు.

డాక్టరు కూడా నవ్వి, "రెండూ పెట్టండి. మీ చెయ్యి మాత్రం దోసకాయ వైపు పోనివ్వండి" అన్నాడు.

తర్వాత నడక గురించి చెప్పాడు. మామా ఒప్పుకోలేదు. "నేను వీధిలో నడిస్తే ఆ ఇంట్లో కారు లేదా అనుకుంటారు" అంది.

"వీధిలో వద్దు. మీకు ఖర్జూరపు తోట ఉంది కదా, అందులో నడవండి."

"పడిపోతే?"

"ఎవరినైనా వెంట ఉంచుకోండి."

మామా మెట్ల వైపు తిరిగి నన్ను చూపించింది. "వాడు వస్తాడు. వాడి రక్తం కూడా చూడండి. వాడికీ సుక్కర్ ఉంది" అంది.

సుక్కర్ అంటే అక్కడ షుగర్ జబ్బు. ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. పక్క డ్రైవర్లు కొంచెం జరిగి కూర్చున్నట్టు అనిపించింది. ఫ్లాస్కు అబద్ధాన్ని ఆమె ఒక్క నిమిషం కూడా నమ్మలేదని అప్పుడు అర్థమైంది.  లేదు మామా, నాకేం లేదు అన్నాను. ఎవరూ వినలేదు.

మర్నాడు ఏమీ తినకుండా రమ్మన్నారు. ఫాస్టింగ్ షుగర్‌కు రక్తం తీశారు. యూరిన్ టెస్ట్‌కు సీసాలో పట్టివ్వమన్నారు. కాసేపటికి సువార్తమ్మ గారు ఒక గాజు గొట్టం తెచ్చి చూపించారు. అందులో నీలంగా ఉండాల్సిన మందు ఇటుక రంగుకు తిరిగింది.

"ఏ ఊరు తమ్ముడూ మీది?" అన్నారు తెలుగులో. చెప్పాను. "చూశావుగా, మూత్రంలో ఎంత చక్కెర పోతుందో. దాహం, మూత్రం, కాళ్లలో తిమ్మిర్లు, ఇవన్నీ ఎప్పటి నుంచి?"

"ఏం లేవు సిస్టర్."

"లేకపోతే ఈ రంగు రాదు నాయనా."

టాబ్లెట్లు ఇచ్చారు. చక్కెర ఖలాస్ అన్నారు. అన్నం, నెయ్యి తగ్గించి రోజూ నడవమన్నారు. పనిలో నుంచి తీసేస్తారేమో అని భయపడ్డాను. కఫీల్ మాత్రం, "మందు మింగు, బండి జాగ్రత్తగా నడుపు" అని ఊరుకున్నాడు. నా బాధంతా మనవాళ్ల దగ్గరే. శుక్రవారం మా ఊరివాళ్లు ఉండే క్యాంపుకు వెళ్లేవాణ్ని. ఒకసారి టీలో చక్కెర వద్దంటే కూపీ లాగారు. మా పక్కింటి మల్లయ్య, "గంగారామన్నకు షేకుల రోగమొచ్చిందుల్లా, ఇగ మనతోని కూసుంటడో కూసోడో" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. వాళ్లు ఎండలో ఇనుప కడ్డీలు మోసి వచ్చినవాళ్లు. ఒంట్లో గుప్పెడు కొవ్వు లేదు. చల్లటి గదిలో కూర్చుని తిన్నందుకు వచ్చిన జబ్బును వాళ్ల మధ్య పేరు పెట్టి చెప్పుకోలేకపోయాను. తర్వాత శుక్రవారాలు ఏదో పని ఉందని వెళ్లడం మానేశాను.

తోటలో నడక మాత్రం మొదలైంది. సాయంత్రం నమాజు అయ్యాక మామా ముందు, పాముల కోసం ఒక కర్ర పట్టుకుని నేను వెనక. మొదట్లో నాలుగు చెట్లు దాటితే చాలు, ఇద్దరం రొప్పేవాళ్లం. తోట మధ్యలో ఫలజ్ అని పాతకాలపు నీటి కాలువ పారుతుంది. మామా దాని గట్టు మీద కూర్చునేది. ఒకరోజు అక్కడే, నా వైపు చూడకుండా అంది:

"ఆ రోజు బండిలో నీళ్లు ఒలికాయన్నావు కదా. నాకూ ఒలికాయి. మా చెల్లెలి కొడుకు పెళ్లిలో, తివాచీ మీద. కోడలు నా మీద కాఫీ ఒలికిందని చెప్పి లేపింది. అప్పటి నుంచి పెళ్లిళ్లకు పోవడం లేదు."

 కర్రతో ఇసుక గీరుతూ నిలబడ్డాను. ఆమె లేచి, "యల్లా, నడువు" అంది.

ఆ తర్వాత నడిచేటప్పుడు ఏవేవో చెప్పేది. పెళ్లికి ముందు వాళ్లు సముద్రం ఒడ్డున ఉండేవాళ్లట. ఎండాకాలం రాగానే ఒంటెల వెంట నడుచుకుంటూ, ఖర్జూరాల కాపుకు ఈ ఒయాసిస్సుకు వచ్చేవాళ్లట. బావిలో నీళ్లు తానే తోడేదట. "ఆ కాళ్లే ఇవి" అని తన కాళ్లకేసి చూసుకునేది. నేను సిమెంటు మోసిన రోజులు నాకు గుర్తుకొచ్చేవి. నాలుగు చెట్ల దగ్గర ఆగిపోయేవాళ్లం కాస్తా, చలికాలం వచ్చేసరికి తోట చివరి గోడ దాకా వెళ్లి వచ్చే వాళ్లమయ్యాం. అజీజ్‌భాయి సణుగుతూనే మా ఇద్దరికీ నెయ్యి లేకుండా వండేవాడు. నా బెల్టుకు కొత్త రంధ్రాలు పడ్డాయి. డాక్టరు నా కాగితం చూసి "జైన్, జైన్" అన్నాడు. బాగుంది అని.

అక్కడితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ని కాదు.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం, తోటలో మోటారు చూసి రమ్మంటే వెళ్లి, ఫలజ్‌లో కాళ్లు కడుక్కున్నాను. చెప్పులు దూరంగా విడిచాను. వాటి దాకా గట్టు సిమెంటు మీద వట్టి కాళ్లతో నడిచాను. ఆ వేళ ఆ సిమెంటు మీద పిల్లి కూడా కాలు పెట్టదు. నాకు వేడి తెలియలేదు. గదికి వచ్చి చూస్తే ఎడమ పాదం ముందు భాగంలో చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. నొప్పి లేదు కాబట్టి ఫర్వాలేదనుకున్నాను. పొక్కు చిట్లింది. ఏదో మలాము రాసి గుడ్డ కట్టి, పైన సాక్సు తొడిగాను.

సువార్తమ్మ గారు ప్రతి వారం వరండాలో కాళ్ల గురించి చెప్పేవారు. వట్టి కాళ్లతో తిరగొద్దు, చిన్న గాయమైనా చూపించండి అని. అవి వింటూ మెట్ల మీదే కూర్చున్నాను, ఆ గాయంతోనే. చూపిస్తే ఏమంటారు? ఇన్నాళ్లు విన్నదేంటి అంటారు. ఇంకొక వారం ఆగితే మానుతుందిలే అనుకున్నాను.

మానలేదు. చిటికెన వేలు రంగు మారింది. బండిలో వాసన మొదలైంది. మామా కోడలు ముక్కుకు ముసుగు అడ్డం పెట్టుకుని, "ఎలుక చచ్చిందేమో, బండి కడిగించు" అంది. కడిగాను. అత్తరు చల్లాను. మర్నాడు చలి జ్వరం వచ్చి పక్క మీద నుంచి లేవలేకపోయాను. అజీజ్‌భాయి వచ్చి సాక్సు లాగబోతే అది కాలికి అతుక్కుపోయి ఉంది. అతను తల తిప్పుకున్నాడు. తర్వాత నన్ను భుజాన వేసుకుని బండి దాకా మోశాడు.

ఆసుపత్రిలో సూడాన్ డాక్టరు నా పాదం మీద గుండుసూదితో గుచ్చుతూ, "తెలుస్తోందా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంకో చోట గుచ్చాడు. లేదన్నాను.

"నరాలు మొద్దుబారాయి. ఇక నొప్పి నీకు కబురు చెప్పదు, కళ్లతోనే చూసుకోవాలి" అన్నాడు. తర్వాత నర్సుతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇన్ఫెక్షన్, గాంగ్రీన్, యాంప్యుటేషన్ అన్న మాటలు వినిపించాయి. ఆఖరి మాట నాకు తెలియదు. సువార్తమ్మ గారు నా మంచం మీద కూర్చుని తెలుగులో చెప్పారు. "చిటికెన వేలూ, పక్క వేలూ తీసేస్తారు తమ్ముడూ. ఇప్పుడు తీస్తే పాదం దక్కుద్ది. ఆలస్యం చేస్తే చెప్పలేం."

వేళ్లు తీసేశారు. టాబ్లెట్లు ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టారు. గాయం మానడానికి చాలా కాలం పట్టింది. మధ్యలో ఒకసారి కుట్లు విడిపోయి మళ్లీ శుభ్రం చేశారు. అప్పుడు చీలమండ దాకా తీయాల్సి వస్తుందేమో అన్నారు కానీ, దేవుడి దయ వల్ల రాలేదు. లేవకూడదు కాబట్టి అన్నీ మంచం మీదే. రోజూ డ్రెస్సింగ్‌కు వచ్చినప్పుడు చేత్తో మొహం కప్పుకునేవాణ్ని.

"మొహం ఎందుకు దాచుకుంటావ్?" అనేవారు సువార్తమ్మ గారు. "నాకు కావాల్సింది నీ కాలు."

"మీరు చెప్తుంటే విన్న కదా సిస్టర్. విని గూడ చూపియ్యలే."

"నువ్వొక్కడివే కాదులే. ఈ వార్డులో సగం మంది అంతే."

ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నారు. నాకు మాత్రం తేలిక కాలేదు.

మామా నన్ను తీసేయించలేదు. ఎడమ కాలే కాబట్టి, ఆ బండికి క్లచ్ లేదు కాబట్టి, గాయం మానాక మళ్లీ నడపగలిగాను. బూటు లోపల వేళ్ల చోట దూది పెట్టుకునేవాణ్ని. సాక్సు లేకుండా గది దాటేవాణ్ని కాదు.

ఈలోగా మామా మారిపోయింది. తోటలో నడవడానికి చుట్టుపక్కల ఇళ్ల పెద్దావిడలను పిలవడం మొదలుపెట్టింది. సాయంత్రాలు ఐదారుగురు ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలు వేసుకుని, మొహాన బుర్ఖా ముసుగులతో చెట్ల మధ్య నడిచేవాళ్లు. నడక అయ్యాక చాప పరిచి, దోసకాయ ముక్కలు, పుల్ల మజ్జిగ. ఒకావిడ మాత్రం ఎప్పుడూ చాప దగ్గరే కూర్చుండిపోయేది. పేరు ఉమ్ ఖలీఫా. మోకాలి నొప్పి అనేది.

ఒక సాయంత్రం గేటు దగ్గర ఉన్న నన్ను మామా తోటలోకి పిలిచింది.

"రామ్, బూటు విప్పు. వీళ్లకు నీ కాలు చూపించు."

కదలకుండా నిలబడ్డాను. వినపడలేదనుకుని మళ్లీ చెప్పింది. అక్కడ కాలు ఎదుటివాళ్ల వైపు చాపడమే మర్యాద కాదు. అంతమంది ఆడవాళ్ల ముందు, వాళ్ల కొడుకులు కూడా గేటు దగ్గర నిలబడి ఉండగా, వంగి బూటు విప్పాను. సాక్సు తీశాను. దూది కింద పడింది. ఎవరో "యా అల్లా" అని మెల్లగా అన్నారు. తల ఎత్తలేదు. ఆ క్షణం ఆమె మీద కోపం వచ్చింది. జీతం ఇస్తున్నందుకు నా కాలు కూడా ఆమెదేనా అనిపించింది.

 మామా నా మొహం చూసింది కాబోలు. గొంతు తగ్గించి, "వాడు సిగ్గుపడి దాచాడు. నేనూ దాచాను" అని, పెళ్లిలో తివాచీ సంగతి మొదలుపెట్టింది. కాఫీ కాదు అని చెప్పింది. కోడలు పక్కనే ఉంది, నేల చూపులు చూస్తోంది. అరబ్బు పెద్దింటి ఆడమనిషి, తన ఈడు వాళ్ల ముందు అలాంటి మాట చెప్పడం ఎంత కష్టమో అక్కడ బతికిన నాకు తెలుసు. నా కోపం నిలవలేదు. అయినా దూది ఏరుకుని, సాక్సు తొడుక్కుని, గేటు దగ్గరికి వెళ్లిపోయాను.

రెండు రోజుల తర్వాత ఉమ్ ఖలీఫా కొడుకు మా గేటు దగ్గరికి వచ్చి ఆసుపత్రిలో ఏ డాక్టరు అని నన్ను అడిగాడు. వాళ్లమ్మకు మోకాలి నొప్పి కాదట. మడమ కింద పుండు. ఎవరికీ చెప్పకుండా కాటుక డబ్బాలో ఏదో మూలికల పొడి పెట్టుకుని అద్దుకుంటోందట. వేళకు ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఏదీ కోయకుండానే మానింది. ఆ తర్వాత ఆమె తోటలో అందరికంటే వెనక, బూట్లు వేసుకుని నడవడం చూశాను. నా కాలు చూపించినందుకు మంచే జరిగింది. మంచి జరిగిందని సిగ్గు పోలేదు. రెండూ నాలో పక్కపక్కనే ఉండేవి.

ఎనభైల చివర్లో ఊరికి వచ్చాను. ఆపరేషన్ సంగతి మా ఆవిడ రాజవ్వకు చెప్పలేదు. గుమ్మంలో కాళ్లకు నీళ్లు తెస్తే చెంబు తీసుకుని, పెరట్లో కడుక్కుంటానని వెళ్లిపోయాను. రాత్రీ పగలూ సాక్సుతోనే ఉండేవాణ్ని.

"గా మేజోడ్లు ఇప్పవా? గిక్కడేం సలి వెడ్తుంది?" అంది.

"అలవాటైందే."

ఒక మధ్యాహ్నం నిద్రలో ఉండగా ఆమె సాక్సు లాగేసింది. మెలకువ వచ్చేసరికి పాదం ఆమె ఒడిలో ఉంది. వేళ్లు లేని చోటును బొటనవేలితో తడుముతోంది. కాలు వెనక్కి లాక్కోబోయాను, వదల్లేదు. అన్నీ చెప్పాల్సి వచ్చింది. బండి, తోట, అరబ్బు ఆడవాళ్ల ముందు బూటు విప్పడం, అంతా.

పాదం వదలకుండానే అంది: "పరాయి దేశపోళ్ల ఆడోళ్లకు జూపిచ్చినవు. నాకు జూపనీకి సిగ్గయిందా?"



ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. పొద్దున కాలువ దాకా నడిచి వస్తాను, బూట్లతోనే. జొన్న రొట్టె, ఆకుకూర తింటాను. పెళ్లి విందుల్లో మిఠాయి వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, షుగర్ ఉందని పేరు పెట్టి చెప్తాను. అంతవరకు వచ్చాను. గుడి ముందు చెప్పులు విడిచేటప్పుడు మాత్రం ఇంకా పక్కకు జరుగుతాను.

మీకు షుగర్ ఉంటే ఒక్క పని చేయండి. రోజూ స్నానం అయ్యాక అరికాళ్లు, వేళ్ల సందులు ఇంట్లో ఒకరికి చూపించండి. మీరు చూసుకుంటే చాలదు. వంగితే పొట్ట అడ్డం వస్తుంది, చూపు మసకేస్తుంది, పైగా చిన్న మచ్చే కదా అని మనకు మనమే నచ్చజెప్పుకుంటాం. సిగ్గు పోయాక చూపిద్దాంలే అని ఆగకండి. నాకింకా పోలేదు. రోజూ పొద్దున రాజవ్వ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, "కాలు ఇటియ్యి" అంటుంది. మొహం పక్కకు తిప్పుకునే, కాలు చాపుతాను.